దారం కొరికావా, అత్తా?

అక్టోబరు 6

అఖిల మానవాళికి, అందులోనూ ముఖ్యంగా సాటి దంతవైద్యులకు, సంతకం చేయడానికి కూడా చేతులు రాని ఒక పాపి సవినయంగా సమర్పించుకుంటున్న క్షమాపణ. అయ్యలారా, అమ్మలారా, నేను ఘోరం చేశాను. ఇవాళ మధ్యాహ్నం ఒకే ఒక్క సిట్టింగులో మా మేనత్త ముందుపళ్ళు రెండింటినీ ఎంత అందంగా తీర్చిదిద్దానంటే, ఇకపై మీ దగ్గరికి వచ్చే ప్రతివాడూ అలాంటివే కావాలని మొండికేస్తాడు. మీ పొట్ట కొట్టినందుకు మన్నించండి. మీ పిల్లలు నన్ను తిట్టుకోకుండా చూడండి. అద్దాలు అమ్మేవాళ్ళకు మాత్రం క్షమాపణ లేదు. వాళ్ళే నాకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

ఈ డైరీ ఎవరూ చదవరు. అయినా భావితరాల పరిశోధకుల సౌకర్యార్థం కొంచెం వివరంగా రాస్తాను.

మా అత్త, అంటే నాన్నకు అక్క, కుట్టుపని చేస్తుంది. కాలరు తిప్పడంలో, కాజాలు కుట్టడంలో ఆమె చెయ్యి పడితే ఇంకొకరు వేలు పెట్టక్కర్లేదు. కత్తెర ఎప్పుడు చూసినా బల్లకు అవతలి చివరే ఉంటుంది కాబట్టి, దారం తెంపడానికి జన్మంతా పళ్ళే వాడింది. దాంతో పైవరస ముందుపళ్ళలో ఎడమదాని అంచున సరిగ్గా దారం ఇమిడేంత గాడి పడింది. పక్కదాని మూల గుండుసూదులు కరిచిపట్టుకుని పట్టుకుని ఎగిరిపోయింది. అందుకే అత్త నవ్వినప్పుడల్లా చెయ్యి నోటికి అడ్డం వస్తుంది. చిన్నప్పటి నుంచీ అత్త నవ్వు అంటే నాకు గుర్తొచ్చేది ఒక అరచెయ్యి, దాని పైన రెండు కళ్ళు.

ఆడపిల్లలకు కుట్టు నేర్పే బడి వాళ్ళు పాఠాలు చెప్పమని ఆమెను అడగని ఏడాది లేదు. "అంతమంది ఆడపిల్లల ముందు ఈ నోరేసుకుని నిలబడనా" అని ప్రతిసారీ తప్పించుకుంది. మళ్ళీ అడిగారని నాన్న చెప్పాడు. నేనే వెళ్ళి, బతిమాలి, బెదిరించి, మా క్లినిక్కు తీసుకొచ్చి కుర్చీ ఎక్కించాను.

పద్ధతి ఇది. ముందే తీసిన అచ్చు మీద, ప్లాస్టరు పళ్ళలో లోటున్న చోటల్లా మైనం నింపి కావలసిన ఆకారం తెచ్చాను. దాని మీద గాజులా కనిపించే సిలికాన్‌తో ఒక తొడుగు పోశాను. తొడుగులో ఒక్కో పన్నుకూ ఒక సన్నటి రంధ్రం. దాన్ని నోట్లో బిగించి, ఆ రంధ్రంలోంచి సిరంజితో తేనెలా జారే, పన్ను రంగులో ఉండే రెజిన్ ఎక్కించి, నీలి లైటు పెట్టి గట్టిపరచాలి. తొడుగు తీస్తే మైనంలో చెక్కిన పన్నే నోట్లో కూర్చుని ఉంటుంది. అయితే అన్నిటికంటే ముందు పన్నుకు యాసిడ్ జెల్ రాసి, కడిగి, ఆరబెట్టాలి. అప్పుడక్కడ సుద్దముక్కలా తెల్లబడుతుంది. ఆ తెలుపు మీద బాండ్ అనే జిగురు, జిగురు మీద రెజిన్.

జెల్ కడిగి ఆరబెట్టేసరికి అత్త కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయి ఉంది. వైద్యుడిగా ధైర్యం చెప్పడం నా ధర్మం కదా. "అత్తా, నువ్వు ఇంతసేపు మాట్లాడకుండా ఉండటం చరిత్రలో ఇదే మొదలు. మామయ్యే ఉండుంటే ఈ కుర్చీ ఇంటికి మోసుకుపోయేవాడు" అన్నాను. నోరు తెరిచే ఉంది కదా, అలాగే నవ్వింది. నాలుక పైకొచ్చింది, అలవాటుగా చెయ్యి కూడా లేచి నా మణికట్టుకు తగిలింది. కాస్త తడైంది. గాలి ఊదాను. సరిపోయింది. ఆ తర్వాత బాండ్, తొడుగు, రెజిన్, లైటు, సానబెట్టడం.

అద్దం ఇచ్చాను. చాలాసేపు చూసుకుంది.

"ఇవి ఎవరివిరా?"

"నీవే. వాపసు తీసుకోబడవు."

నవ్వింది. చెయ్యి సగం వరకు లేచి, దారి మరిచిపోయినట్టు ఆగి, తిరిగి ఒళ్ళోకి దిగింది. ఆ దిగడం నేను చూశాను. తలుపు దగ్గర నిలబడి, మా క్లినిక్ నడిపే పెద్ద డాక్టరమ్మ కూడా చూసింది.

"ఇక దారం కొరికావో, నీకూ నాకూ చెల్లు" అన్నాను.

"కొరకనురా నాయనా. కత్తెర మెళ్ళో వేలాడేసుకుంటా, సరేనా?"

బయటికి వెళ్ళేలోపే బడికి ఫోను చేసి, ముందు ఒక పాఠం చెప్పి చూస్తానంది.

మానవాళి నన్ను క్షమించుగాక.

అక్టోబరు 9

అత్త పళ్ళు మా క్లినిక్ గోడ ఎక్కాయి. రెండు ఫొటోలు, ముందు ఒకటి, తర్వాత ఒకటి. పెద్ద డాక్టరమ్మ స్వయంగా అంటించింది. "చెయ్యి తేలిగ్గా ఉంది నీది" అంది. ఈ మాట విన్నాక పొద్దుటి నుంచి నా చేతిని నేనే గౌరవంగా చూసుకుంటున్నాను.

సాయంత్రం అత్త ఫోను. ఆపిల్ పండు కోయకుండా కొరికి తిన్నదట. శబ్దం వినమని ఫోన్లోనే ఇంకో ముక్క కొరికింది.

అక్టోబరు 11

నోట్లో ఊరే ఉమ్మిని లాగే సక్షన్ మిషను రిపేరుకు వెళ్ళింది. చాలా రోజులుగా సరిగ్గా లాగడం లేదట. నాకేం సంబంధం లేదు, ఊరికే రాస్తున్నాను.

అక్టోబరు 14

ఇవాళ అత్త బడిలో పాఠం. మధ్యాహ్నానికల్లా క్లినిక్కు వచ్చింది. నోటి మీద చెయ్యి.

రెండో చేతిలో గుండీల డబ్బా ఉంది. దాన్ని నా చేతిలో పెట్టింది.

"దారం కొరికావా, అత్తా?" అని అడిగాను. తర్వాత డబ్బా తెరిచి చూశాను. ఎడమపన్నుకు వేసిన రెజిన్ ముక్క, తెల్లగా, పూర్తిగా, చిన్న గోరులా పడుంది. ముందు అడిగాను, తర్వాత చూశాను. ఏది ముందైతే ఏముంది, ఊరికే రాసిపెట్టుకుంటున్నాను.

అత్త చెయ్యి తియ్యకుండానే ఆలోచించింది.

"లేదనుకుంటానురా. కత్తెర మెళ్ళోనే ఉంది కదా. కాలరు ఎలా తిప్పాలో చెప్తున్నా. మూల దగ్గర దారం..." ఆగింది. "మూల దగ్గర దారం ఎలా తెంపానో గుర్తు రావట్లేదు."

"గుర్తు లేదా?"

"నువ్వడిగావంటే కొరికే ఉంటా. అలవాటు కదా, నాకు తెలీకుండానే నోటికి పోయుంటుంది." తర్వాత నవ్వబోయి మానేసింది. "ముక్క గుడ్డ మీద పడింది. ముందు బల్లలో కూర్చున్న పిల్ల తీసిచ్చింది. 'టీచర్, గుండీ ఊడింది' అంది. అందరూ నవ్వారు. పాపం వాళ్ళకేం తెలుసు."

మళ్ళీ వేస్తాను, కూర్చోమన్నాను. వద్దంది. "నువ్వు అంత కష్టపడి చేస్తే పట్టుమని పది రోజులు నిలుపుకోలేకపోయా. ఇంకోటి పాడు చెయ్యనా?"

పెద్ద డాక్టరమ్మ ఏమైందని అడిగింది. దారం కొరికిందట అన్నాను. "టైలర్లతో ఇదే గొడవ" అని వెళ్ళిపోయింది.

ఫొటోలు ఇంకా గోడ మీదే ఉన్నాయి.

అక్టోబరు 15

నాన్న ఫోను. "మీ అత్తకి ఎంత చెప్పినా బుద్ధి లేదురా, పళ్ళేమన్నా కత్తెరా?" అని ఒకటే నవ్వు. నేను కూడా ఒక జోకు కలిపాను. మంచి జోకే. ఇక్కడ రాయను.

అక్టోబరు 17

ముక్కను ఇవాళ తీరిగ్గా చూశాను.

ఎవరైనా విద్యార్థి నన్ను అడిగాడనుకుందాం. గురువు గారూ, దారం కొరికినందుకు రెజిన్ ఊడిందా, ఇంకెందుకైనా ఊడిందా, ఎలా తెలుస్తుంది? నాయనా, బాగా అతికిన రెజిన్ దారానికి లొంగేది కాదు. లొంగినా అంచు పెచ్చు లేస్తుంది, లేదా అడ్డంగా విరిగి సగం పన్నుకే అంటుకుని మిగులుతుంది. అలా కాకుండా మొత్తం తొడుగులా జారి వచ్చేసి, లోపలి వైపు అద్దంలా నున్నగా ఉంటే, అది పన్నును ఏనాడూ పట్టుకోలేదని అర్థం. సుద్దలాంటి ఆ తెలుపు మీద ఉమ్మి చేరితే ఇలాగే జరుగుతుంది. ఉమ్మిని గాలితో ఊదితే పోదు. కడిగి, మళ్ళీ యాసిడ్ రాసి, మళ్ళీ తెలుపు తెప్పించాలి. ఇది రెండో ఏడు పాఠం. పరీక్షలో నాకు మంచి మార్కులు వచ్చిన పాఠం.

మరి ఈ ముక్క లోపలి వైపు ఎలా ఉంది గురువు గారూ?

పోరా, నీ పని చూసుకో.

అక్టోబరు 18

న్యాయంగా మాట్లాడుకుందాం. సక్షన్ సరిగ్గా ఉంటే తడి నిలిచేదే కాదు. పక్కన సాయానికి ఉండాల్సిన నర్సు ఆ రోజే సెలవు పెట్టింది. తొడుగు ఎప్పుడో సిద్ధం, పెద్ద డాక్టరమ్మ చూడ్డానికి వస్తానంది. అయినా పక్కపన్ను రెజిన్ చెక్కుచెదరలేదు. అంటే నా పనిలో సగం అద్భుతంగా ఉన్నట్టే. ఇక నవ్వింది ఎవరు? నేనా?

పై పేరా చదువుకుంటే అన్నం సహించలేదు.

అక్టోబరు 19

అత్త కొట్టుకు వెళ్ళాను. ఒక్కటే గది. వీధి వైపు తలుపు, మిషను మీద పడేలా బల్బు, గోడకు కొక్కేల నిండా సగం కుట్టిన చొక్కాలు. నేను లోపలికి వచ్చింది చూసి కూడా పెడలు ఆపలేదు. మెళ్ళో టేపుకు కట్టిన కత్తెర వేలాడుతోంది.

"టీ తాగుతావా డాక్టరు గారూ?"

"పన్ను వేస్తాను రా అత్తా. గంటలో పని."

"నా సంగతి ఎందుకులే. బడి వాళ్ళకు రానని చెప్పేస్తున్నా. శుక్రవారంలోగా చెప్పమన్నారు."

"పన్ను ఊడినందుకా?"

మిషను ఆపింది. దారం తెంపాల్సి వచ్చింది. కత్తెర తీసుకుంది, తెంపింది. తర్వాత తెగిన కొసను వేళ్ళ మధ్య పట్టుకుని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది.

"నేను ఇప్పుడు దీన్ని దేంతో తెంపాను?"

"కత్తెరతో."

"నువ్వు చూశావు కదా?"

"చూశాను."

"ఆ రోజు పిల్లలందరి కళ్ళూ కాలరు మీదే, నా నోరు చూసినవాళ్ళు లేరు." కొసను కింద పడేసింది. "ఎంత గుర్తు తెచ్చుకున్నా కొరికినట్టు లేదురా. కానీ పన్ను ఊడింది కదా, అంటే కొరికాను. కొరికి మర్చిపోయాను. మా అమ్మకి కూడా ఇలాగే మొదలైంది. పొయ్యి మీద గిన్నె పెట్టి పెట్టలేదనేది. నువ్వు చిన్నవాడివి, నీకు గుర్తుండదు. చివరికి మీ నాన్నను పట్టుకుని ఎవరు బాబూ నువ్వు అంది."

నాన్నమ్మ సంగతి నాకు గుర్తుంది. నన్ను కూడా అలాగే అడిగింది. చాలా మర్యాదగా.

"అలాంటిదాన్ని నేను పిల్లల చేతికి కత్తెరలిచ్చి పాఠం చెప్పనా? ఎవరి వేలు ఎక్కడుందో చూసుకోవద్దూ?" అని మళ్ళీ పెడలు తొక్కింది. మిషను చప్పుడులో, మొహం చూపించకుండా అంది: "నీ చేతి పని పాడుచేశాను. ఏమనుకోకురా."

నేను ఏమీ అనుకోనన్నాను.

ఆ మాటే అన్నాను. నా నోటితో. ఏమీ అనుకోను అత్తా, పర్వాలేదులే, అన్నాను. క్షమించేశాను ఆమెను.

అక్టోబరు 20

రేపు చెబుతాను.

అక్టోబరు 21

వాన. చెప్పలేదు.

అక్టోబరు 22

వాన లేదు. చెప్పలేదు.

అక్టోబరు 23

గోడ మీది ఫొటోలు తీసేశాను. ఎందుకు తీశావని పెద్ద డాక్టరమ్మ అడిగింది. ఉమ్మి తగిలిన పన్ను మీద వేశానండీ, దారం వల్ల కాదు, అన్నాను. నా మొహం చూసి, చేతిలో ఉన్న ఫొటోలు చూసి, "పేషెంటుకు చెప్పావా?" అంది. లేదన్నాను. తన గదిలోకి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే కొంచెం బాగుండేది.

అక్టోబరు 24, గురువారం

రేపటితో గడువు. పొద్దున్నే అత్త కొట్టుకు వెళ్ళి, మిషను మీది బల్బు ఆర్పేసి, "పద" అన్నాను. ఏం గొడవ పెట్టుకుంటుందోనని సిద్ధపడే వెళ్ళాను కానీ, నా వాలకం చూసి కిక్కురుమనకుండా వచ్చింది.

ఈసారి రబ్బరు షీటు కట్టాను. పని చేసే పళ్ళు మాత్రం పైకి కనబడేలా, నాలుకా ఉమ్మీ లోపలే ఉండిపోయేలా నోటికి తెర కడతాం. తడి చేరదు. అది మొదటి లాభం. రెండో లాభం, కట్టించుకున్నవాళ్ళు మాట్లాడలేరు. నేను మొదటి లాభం కోసమే కట్టానని ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

యాసిడ్ జెల్ రాశాను. కడిగాను. ఆరబెట్టాను. తెల్లబడింది. అద్దం తెచ్చి చూపించాను.

"అత్తా, ఈ తెలుపు చూశావా? ఇది ఇలా ఉన్నప్పుడే అతుకుతుంది. ఆ రోజు నేను జోకు వేశాను, నువ్వు నవ్వావు, ఉమ్మి తగిలి ఈ తెలుపు పోయింది. నేను చూశాను. మళ్ళీ మొదలెట్టాలని తెలుసు. తొడుగు రెడీగా ఉంది, డాక్టరమ్మ వచ్చే టైమైంది, మనవాడు మొనగాడు అనిపించుకోవాలి. ఊది పని కానిచ్చేశాను. అందుకే ఊడింది. దారం కాదు. నువ్వు కొరకలేదు. నీ మతి బంగారంలా ఉంది."

రబ్బరు షీటు పైన రెండు కళ్ళు. చిన్నప్పటి నుంచీ నేను ఎరిగిన కళ్ళే. ఈసారి అరచెయ్యికి బదులు నేను కట్టిన తెర. కళ్ళ చివరల నుంచి నీళ్ళు చెవుల వైపు కారాయి. ఎందుకో నేను అడగలేను, ఆమె చెప్పలేదు. నేను తల వంచుకుని బాండ్ రాశాను.

తొడుగు బిగించి, రెజిన్ ఎక్కించి, లైటు పెట్టి, తొడుగు తీసి, సానబెట్టి, షీటు విప్పాను. లేచి కూర్చుంది. నోరు పుక్కిలించి ఉమ్మింది. మూతి తుడుచుకుంది.

"నోరు కట్టేసి చెప్తావుట్రా, వెధవా?"

"ధైర్యం చాల్లేదు."

"నేను డాక్టరు దగ్గర చూపించుకుందామనుకున్నా, తెలుసా? మతి సంగతి. సోమవారానికి పేరు కూడా రాయించుకున్నా."

నేను నేల చూశాను. మా క్లినిక్ నేల చాలా శుభ్రంగా ఉంటుంది.

కుర్చీ దిగి అంది: "సరేలే. నువ్వు నవ్వించావు, నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. సగం నాది."

"నీది కాదు అత్తా."

"నోర్ముయ్. సగం నాదంటున్నా కదా. మొత్తం మోస్తే పడిపోతావు, మొహం చూసుకున్నావా?" ఫోను తీసి బడికి చేసింది. వస్తానంది. పెట్టేసి నా వైపు తిరిగింది. "అంతేనా? ఇంకేమైనా దాచావా?"

"లేదు" అన్నాను.

అక్టోబరు 28

ఇవాళ బడిలో పాఠం. పెద్ద డాక్టరమ్మను అడిగి వెళ్ళి, వరండాలో నిలబడి కిటికీలోంచి చూశాను.

అత్త పాఠం బాగా చెబుతుంది. "కాలరు అంటే చొక్కాకు మొహం. మొహం వంకర పోతే మిగతా చొక్కా ఎంత బాగున్నా ఎవడూ చూడడు" అంది. ఆ గుండీ పిల్ల ముందు బల్లలోనే ఉంది. "టీచర్, మరి మా అన్నయ్య చొక్కా బాగానే ఉంటుంది, మొహమే బాగుండదు" అంది. అత్త పగలబడి నవ్వింది. చెయ్యి లేవలేదు. పళ్ళు రెండూ కిటికీ వెలుతురులో కనిపించాయి. నా పని కాబట్టి చెప్పడం కాదు, ఏది అసలుదో ఏది రెజినో నాకే తెలియలేదు.

తర్వాత దారం తెంపాల్సి వచ్చింది. మెళ్ళోంచి కత్తెర తీసి తెంపింది. తెంపి, పాఠం ఆపి, కత్తెరను ఒకసారి చూసుకుంది. దాంతోనే తెంపానా అన్నట్టు. ఒక్క క్షణమే. పిల్లలెవరూ గమనించలేదు. మళ్ళీ పాఠంలో పడిపోయింది.

ఇంటికి వచ్చి ఈ డైరీ మొదటి నుంచీ చదువుకున్నాను. మానవాళికి క్షమాపణ చెప్పాను, అద్దాలవాళ్ళ దగ్గర బెట్టు చేశాను, అత్తకు ఉమ్మి సంగతి చెప్పాను. ఉమ్మి తొందరపాటు. అలాంటిది ఎవరైనా చేస్తారు. దాన్ని ఒప్పుకుని సగం భారం ఆమెకు పంచి కూడా వచ్చాను.

పద్నాలుగో తేదీన రెండు వాక్యాలు వెనకా ముందూ రాశాను. తెలిసే రాశాను.

ఆ రోజు అత్త గుండీల డబ్బా నా చేతిలో పెట్టింది. నేను ముందు డబ్బా తెరిచాను. ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో తిప్పి, లోపలి వైపు చూశాను. అద్దంలా నున్నగా ఉంది. ఎందుకు ఊడిందో అప్పుడే, అక్కడే తెలిసిపోయింది. ముక్కను డబ్బాలో పెట్టాను. మూత పెట్టాను. అప్పుడు అత్త వైపు తిరిగి అడిగాను, దారం కొరికావా, అత్తా, అని.